విగాన్: ఒక ఊరు, పదునాలుగు పటాలు

మా చెల్లెలి కొడుకు ఫిలిప్పీన్స్‌లో డాక్టరీ చదువుతున్నాడు. ఇక్కడ సీటు కొనే తాహతు లేని మధ్యతరగతి ఇళ్ళ నుంచి అట్లా సముద్రం దాటిపోయిన తెలుగు పిల్లలు అక్కడ చాలామందే ఉన్నారు. వాడొకసారి ఫోనులో, "మావయ్యా, నీకు పాత ఊళ్ళంటే ప్రాణం కదా. ఉత్తరాన విగాన్ అని ఒక ఊరుంది. అమ్మతో పాటు నువ్వూ వచ్చి చూడు" అన్నాడు. పంతులు జీతంలో కూడబెట్టిన నాలుగు రూపాయలూ, వేసవి సెలవులూ కలిసివచ్చి చెల్లెలికి తోడుగా బయల్దేరాను. మనీలాలో రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి విగాన్ చేరాం. సుమారు 400 కిలోమీటర్ల దూరం.

లూజోన్ దీవికి వాయవ్య తీరంలో ఇలోకోస్ సుర్ అనే ప్రాంతానికి ముఖ్యపట్టణం విగాన్. 2020 జనగణన ప్రకారం జనాభా 54 వేల లోపే. మన లెక్కలో ఒక పెద్ద తాలూకా కేంద్రమంత ఊరు. కాని 1999లో యునెస్కో ఈ ఊరిని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. పాతిక వీధుల్లో 233 పాత భవనాలు ఒకదానికొకటి ఆనుకొని నిలబడి ఉన్నాయని ఆ సంస్థ లెక్క. కాయె క్రిసోలోగో అనే వీధిలో మోటారు వాహనాలను రానివ్వరు. నున్నటి రాళ్ళు పరిచిన బాట మీద కలేసా అనే గుర్రబ్బండ్లు నడుస్తాయి. ఇళ్ళకు కింది అంతస్తు ఇటుకా సున్నమూ, పై అంతస్తు కలప. కిటికీలకు గాజు బదులు కపీజ్ అనే ఆల్చిప్ప పలకలు బిగించారు. సాయంత్రం లోపల దీపాలు పెడితే ఆ పలకలు పాలమీగడ రంగులో వెలుగుతాయి. ఆ వీధిలో నిలబడి నేను కాసేపు మాట్లాడలేకపోయాను. నిజం దాచడం దేనికి? ఊరు అందంగా ఉంది.

ఇక్కడే నాకు చిక్కు వచ్చింది. అభ్యుదయ సాహిత్య విమర్శకులమైన మనకు ఇటువంటి అందాన్ని చదవడానికి ఒక దారి అలవాటైపోయింది. చాలా ఏళ్ళ క్రితం ఒక జమీందారీ కోట మీద రాసిన వ్యాసంలో నేను ఆ దారినే పోయాను. "రైతు నెత్తురుతో తడిసిన ఇటుకలు" అని ఒక్క మాట రాసి చేతులు దులుపుకున్నాను. ఆ మాట అబద్ధం కాదు. కాని ఆ ఇటుక కాల్చిన కుమ్మరి ఎవరు, ఆ రైతు ఎప్పుడు తిరగబడ్డాడు, ఎందుకు ఓడిపోయాడు అని అడగకుండా ఆ మాట అనేస్తే అదీ ఒక స్థల పురాణమే అవుతుంది. టూరిస్టు గైడు అందం గురించి పాఠం అప్పజెబుతాడు. మనం దోపిడీ గురించి పాఠం అప్పజెబుతాం. ఇద్దరమూ చరిత్ర చదవం. విగాన్‌లో ఉన్న ఆరు రోజులూ నేను ఈ రెండు పాఠాలకూ అవతల ఏముందో వెతుక్కున్నాను. ఈ వ్యాసం ఆ వెతుకులాటే.

స్పెయిన్ వాళ్ళు రాకముందే విగాన్ వర్తకపు ఊరు. చైనా ఓడలు ఈ తీరానికి వచ్చి, వెనక ఉన్న కోర్డిల్యేరా కొండల నుంచి దిగే బంగారమూ మైనమూ కొనుక్కుపోయేవి. నది ఒడ్డున పెరిగే బిగా అనే పెద్ద చేమజాతి మొక్క పేరే ఊరికి వచ్చిందని ఒక మాట ఉంది. 1572లో హువాన్ దె సల్సెదో అనే స్పెయిన్ సేనాని వచ్చి, తమ రాజు రెండో ఫిలిప్ కొడుకు పేరు మీద దీన్ని 'విల్యా ఫెర్నాందీనా' అన్నాడు. ఆ రాకుమారుడు ఈ ఊరిని కలలోనైనా చూసి ఉండడు. ఆ తర్వాత నడిచింది మనకు తెలిసిన వలస పాలన కథే. ప్రతి ఇంటి మీదా కప్పం. పదహారు నుంచి అరవై ఏళ్ళ మధ్య మగవాళ్ళు ఏడాదికి నలభై రోజులు ఉచితంగా వెట్టి చెయ్యాలి. దానికి పోలో అని పేరు. రోడ్లూ వంతెనలూ చర్చీలూ ఆ వెట్టితోనే లేచాయి. నలభై రోజుల్ని పదిహేనుకు తగ్గించింది 1884లో.

ఆ వీధిలోని మేడలు మాత్రం స్పెయిన్ దొరలవి కావు. ఎక్కువభాగం చైనా వర్తకులకూ స్థానిక స్త్రీలకూ పుట్టిన మెస్తీసో కుటుంబాలవి. నీలిమందు, పొగాకు, నూలుగుడ్డల వ్యాపారంలో వాళ్ళు కలవారయ్యారు. కింది అంతస్తులో సరుకూ బండ్లూ, పై అంతస్తులో కాపురం. అంటే మనం ముచ్చటపడే ఆ ఇంటి వాస్తు, గోదాము మీద కట్టిన కాపురం. ఆ సరుకుల్లో గుడ్డ ముఖ్యమైనది. అబెల్ అనే ఇలోకోస్ నేత ఎంత గట్టిదంటే, పసిఫిక్ మహాసముద్రం దాటే స్పెయిన్ గాలియన్ ఓడలకు తెరచాపలు ఆ గుడ్డతోనే కుట్టేవారు.

గుడ్డ మాట వచ్చింది కాబట్టి మన తీరానికీ ఆ దీవులకూ ఉన్న సంబంధం ఇక్కడే చెప్పాలి. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో మద్రాసు నుంచి మనీలాకు కోరమాండల్ తీరపు నూలుగుడ్డలు వెళ్ళేవి. బదులుగా మెక్సికో వెండి వచ్చేది. ఆ దారినే ఒకసారి యుద్ధమూ వెళ్ళింది. ఐరోపాలో ఇంగ్లండు, స్పెయిన్ తలపడ్డాయి. 1762 వర్షాకాలంలో మద్రాసు రేవు నుంచి బయల్దేరిన ఇంగ్లీషు నౌకాదళం అక్టోబరులో మనీలాను పట్టుకుంది. ఆ దళంలో ఈస్టిండియా కంపెనీ మద్రాసు సిపాయిలు కొన్ని వందలమంది ఉన్నారు. 1764లో ఇంగ్లీషువాళ్ళు వెళ్ళిపోయినప్పుడు కొందరు సిపాయిలు వెనక్కి రాకుండా మనీలా దగ్గర కైంతా అనే ఊళ్ళో ఉండిపోయారు. మన పాఠ్యపుస్తకాల్లో బొబ్బిలి యుద్ధం ఉంటుంది, చందుర్తి యుద్ధం ఉంటుంది. ఆ వెనువెంటనే అదే కంపెనీ మన తీరపు మనుషుల్ని ఓడలెక్కించి మరో జాతి మీదికి తోలిన సంగతి ఉండదు.

మనీలా పడిపోయిన కబురు విగాన్‌లో తిరుగుబాటుకు నిప్పు రాజేసింది. దియేగో సిలాంగ్ అనే ఇలోకానో యువకుడు విగాన్‌లో ఒక మతాధికారి దగ్గర ఉత్తరాలు మోసే పని చేసినవాడు. ఉత్తరాలు మోసేవాడికి ఊళ్ళన్నీ తెలుస్తాయి, ఊళ్ళ గోడూ తెలుస్తుంది. కప్పం రద్దు చెయ్యాలనీ, అధికారిని మార్చాలనీ అడిగాడు. కాదన్నారు. 1762 చివరికల్లా విగాన్ అతని చేతికి వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు అతన్ని తమ తరఫు గవర్నరుగా గుర్తిస్తామన్నారు, అతడు ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుదల గురించి అక్కడి చరిత్రకారుల్లో వాదాలున్నాయి. ఒక దొరను తరమడానికి ఇంకో దొర భుజం పట్టుకోవడం వలస దేశాల రైతు తిరుగుబాట్లలో మనం చూసే బలహీనతే. 1763 మే 28న మిగెల్ బికోస్ అనే స్నేహితుడే, పాలకుల ప్రోద్బలంతో, సిలాంగ్‌ను కాల్చి చంపాడు.

తిరుగుబాటు అంతటితో ఆగలేదు. అతని భార్య గాబ్రియేలా కొండల్లోకి వెళ్ళి, బలగాన్ని కూడగట్టుకొని, సెప్టెంబరులో విగాన్ మీదికి తిరిగి వచ్చింది. ఓడిపోయింది. 1763 సెప్టెంబరు 20న అనుచరులతో పాటు ఆమెను విగాన్ నడిబొడ్డున, అందరూ చూస్తుండగా ఉరితీశారు. 1984లో ఆ దేశపు స్త్రీ సంఘాలు ఒక సమాఖ్యగా ఏర్పడినప్పుడు ఆమె పేరునే పెట్టుకున్నాయి.

ఊరి నడుమ ఉన్న ఆ ప్లాజాకు ఇవాళ్టి పేరు సల్సెదో ప్లాజా. ఊరిని జయించినవాడి పేరు. రాత్రిపూట అక్కడ రంగుదీపాల్లో నీటి ఫౌంటెన్లు పాటకు తగ్గట్టు ఆడతాయి. మేము వెళ్ళిన రాత్రి మెట్ల నిండా కుటుంబాలు కూర్చున్నాయి, పిల్లలు నీటి తుంపరల్లో తడుస్తూ కేరింతలు కొడుతున్నారు. మా చెల్లెలు కూడా చంటిపిల్లలా సంబరపడింది. నేను ఆ సంబరాన్ని తప్పుపట్టను. ఉరితీసిన చోట పిల్లలు ఆడుకోవడమే న్యాయం. ఐతే పక్కనున్న ఒక అమ్మాయిని అడిగాను, గాబ్రియేలా ఎవరో తెలుసా అని. "తెలుసు, బడిలో చెప్పారు, గుర్రం మీద కత్తి పట్టుకొని ఉంటుంది" అంది. ఎక్కడ చనిపోయింది అంటే తెలియదంది. బడిలో చెప్పేది బొమ్మ. బడిలో చెప్పనిది స్థలం. నేను కూడా బడిపంతులునే కాబట్టి ఆ జవాబు నాకే తగిలింది.

ఇక అసలు నేను చెప్పదలచుకున్న పటాల దగ్గరికి వస్తాను.

చెరకు రసం కాచి, చెట్టు బెరడూ పులుపుమందూ వేసి, మట్టి జాడీల్లో మాగబెట్టి చేసే సారాను ఇలోకోస్‌లో బాసి అంటారు. పెళ్ళికీ చావుకీ పంటకీ బాసి ఉండాల్సిందే. 1786లో సర్కారు బాసి మీద గుత్తాధికారం పెట్టింది. ఇంట్లో చేసుకోవడం నేరం. నీ చెరకుతో నువ్వు చేసుకునే బాసిని సర్కారు దుకాణంలో డబ్బిచ్చి కొనుక్కోవాలి. పొగాకు మీద కూడా 1782 నుంచి అదే పద్ధతి, నూరేళ్ళు నడిచి 1882లో రద్దయింది. ఇరవై ఏళ్ళు ఓర్చుకున్న జనం 1807 సెప్టెంబరు 16న ఉత్తరాన పిద్దిగ్ అనే ఊళ్ళో లేచారు. పేద్రో మాతేయో అనేవాడు ముందు నడిచాడు. ఊరి తర్వాత ఊరు కలుపుకుంటూ విగాన్ వైపు దిగారు. సెప్టెంబరు 28న, విగాన్ ఇంకా కొద్ది దూరం ఉందనగా, బంతవాయ్ నది దగ్గర సర్కారు సేన వాళ్ళను అణచేసింది. తిరుగుబాటు రెండు వారాలైనా నిలవలేదు. 1818లో ఇలోకోస్‌ను ఉత్తర, దక్షిణ భాగాలుగా విడగొట్టారు.

ఆ తర్వాత పద్నాలుగేళ్ళకు, 1821లో, ఎస్తెబాన్ విల్యానువేవా అనే విగాన్ వాసి ఈ కథను పటాలుగా గీశాడు. చిత్రకళలో బడి చదువు లేనివాడంటారు. మొత్తం పదునాలుగు పటాలు. ప్రతి పటం కిందా స్పానిష్‌లో వివరణ ఉంటుంది. ఇప్పుడవి నేషనల్ మ్యూజియం ఆధీనంలో ఉన్నాయి. నేను వాటిని చూసింది విగాన్ పాత జైలు భవనంలో. ఆ జైలు ఇప్పుడు మ్యూజియం. తిరుగుబాటుదారుల బొమ్మలు జైలుగోడలకే వేలాడటం ఎవరూ కావాలని చేసిన చమత్కారం కాదు. అయినా మనసులో నిలిచిపోతుంది.

మొదటిసారి చూసినప్పుడు నాకు నిరాశే కలిగింది. మనుషులు చిన్నచిన్నగా, దాదాపు ఒకే అచ్చులో పోసినట్లు ఉంటారు. సర్కారు సేన బారులు తీరి నడుస్తుంది. ఆకాశంలో తోకచుక్క కనిపిస్తుంది, ఆ ఏడాది నిజంగానే పెద్ద తోకచుక్క వచ్చింది. నది దగ్గర యుద్ధం. చివరికి ఉరి, శిరచ్ఛేదం. కథ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చూస్తే ఇది గెలిచినవాడి కథ. తిరగబడితే ఏమవుతుందో చూసుకోండి అన్న హెచ్చరిక. "ప్రభుత్వ చిత్రకారుడు" అని నా చీటీలో రాసుకున్నాను. నా పాత అలవాటు.

రెండో రోజు మళ్ళీ వెళ్ళాను. ఈసారి అంకె దగ్గర ఆగిపోయాను. పదునాలుగే ఎందుకు? కాథలిక్ చర్చీల్లో లోపలి గోడల మీద క్రీస్తు శిలువ మోసిన దారిని వరసగా పటాల్లో చూపిస్తారు. దండన విధించిన ఘట్టంతో మొదలై సమాధి చేసిన ఘట్టంతో ముగుస్తాయి. అవీ పదునాలుగే. విగాన్‌లో పుట్టి పెరిగిన చిత్రకారుడికి వరసగా పటాలు పెట్టి కథ చెప్పడమంటే కళ్ళముందున్న నమూనా అదే. అతడు కావాలని చేశాడో చెయ్యలేదో నేను తేల్చలేను, నేను చెబుతున్నది చూసేవాడి సంగతి. ప్రతి శుక్రవారమూ చర్చిలో ఆ పదునాలుగు పటాల ముందు మోకరిల్లే ఇలోకానో రైతు, ఈ పదునాలుగు పటాల చివర కొయ్యకు వేలాడే మనిషిని చూసి ఎవరిని తలచుకుంటాడు? కింద స్పానిష్‌లో రాసిన వివరణ అతడు చదవలేడు. చదవగలిగింది బొమ్మనే. కింద ఉన్న రాత నేరస్థుడంటుంది. బొమ్మ వరస హతసాక్షి అంటుంది.

ఇది నా ఊహ అని ఎవరైనా కొట్టిపారెయ్యవచ్చు. కాని సాహిత్య విద్యార్థులు దీన్ని ఆలోచించాలని నా కోరిక. రచయిత ఉద్దేశం ఒకటి, అతడు వాడుకున్న రూపం మోసుకొచ్చే అర్థం ఇంకొకటి. రూపాన్ని జనం తయారుచేస్తారు. పాలకుడు దాన్ని అరువు తీసుకున్నప్పుడు జనం జ్ఞాపకం కూడా దాంతోపాటే లోపలికి వచ్చేస్తుంది. మనం వస్తువు గురించి ఎంతో మాట్లాడాం, రూపాన్ని కళావాదులకు వదిలేశాం. విల్యానువేవా పటాల ముందు నిలబడినప్పుడు, అట్లా వదిలెయ్యడంలో ఎంత పోగొట్టుకున్నామో నాకు కొంచెం అర్థమైంది. ఇంకో సంగతి. ఈ పటాలే లేకపోతే పిద్దిగ్ రైతులు లేచిన రెండు వారాలకు ఆనాటి రంగూ రూపూ ఏవీ మిగిలేవి కావు. శత్రువు చేతి మీదుగానైనా మిగిలిన సాక్ష్యాన్ని తిట్టి పారేసే హక్కు మనకు లేదు. చదవడం నేర్చుకోవాలి.

విగాన్ రచయితల ఊరు కూడా. ఇక్కడ పుట్టిన హోసె బుర్గోస్ మతాచార్యుడు. స్థానిక మతాచార్యులకు సమాన హక్కులు కావాలన్నందుకు 1872 ఫిబ్రవరి 17న మరో ఇద్దరితో కలిపి మనీలాలో అతన్ని గొంతు బిగించి చంపారు. హోసె రిజాల్ తన రెండో నవలను ఆ ముగ్గురికే అంకితమిచ్చాడు. ఐతే నన్ను ఎక్కువ ఆకర్షించింది ఒక తల్లీ కొడుకుల కథ.

తల్లి లియోనా ఫ్లోరెంతీనో. 1849లో ఈ మేడల్లోనే ఒకదాంట్లో పుట్టింది. ఇలోకానోలోనూ స్పానిష్‌లోనూ కవిత్వం రాసింది. కవిత్వం రాసే భార్యను ఆ ఇల్లు భరించలేదు. భర్తకూ పిల్లలకూ దూరమై బతికింది, 1884లో, ముప్ఫై అయిదేళ్ళకే చనిపోయింది. కొడుకు ఇసబేలో దె లోస్ రేయెస్ 1864లో పుట్టాడు. ఆరేళ్ళ వయసులో అతన్ని మేనా క్రిసోలోగో అనే కలిగిన బంధువు ఇంట్లో పెట్టారు. మేనా కూడా నాటకకర్త, ఇలోకానో రచయిత. ఇవాళ టూరిస్టులు ఫోటోలు దిగే ఆ రాళ్ళ వీధికి ఉన్నది ఆ రచయిత పేరే. తల్లి చనిపోయాక ఆమె పద్యాలను కొడుకు సేకరించి 1887లో మాడ్రిడ్ ప్రదర్శనకూ, 1889లో పారిస్ ప్రదర్శనకూ పంపాడు. తల్లి నుంచి దూరంగా పెరిగిన కొడుకు ఆమెకు చేసిన న్యాయం అది. 1889లోనే అతడు 'ఎల్ ఫోక్-లోర్ ఫిలిపీనో' అనే గ్రంథం అచ్చువేసి, తన ప్రాంతపు జానపద విజ్ఞానాన్నంతా అందులో పోగుచేశాడు. అమ్మ పద్యాలను కూడా ఆ పుస్తకంలోనే చేర్చాడు.

జానపద వాఙ్మయ సేకరణ చేసేవాళ్ళు మన దగ్గరా ఉన్నారు. కాని ఇసబేలో అక్కడితో ఆగలేదు. 1897లో స్పెయిన్ ప్రభుత్వం అతన్ని బార్సిలోనాలోని మోంజుయిక్ కోట జైల్లో పెట్టింది. అక్కడ అతనికి తోటి ఖైదీలు కాటలాన్ కార్మిక నాయకులూ అరాచకవాదులూ. 1901లో తిరిగి వచ్చేటప్పుడు అతని సామానులో మార్క్స్, ప్రుధాన్, బకూనిన్ పుస్తకాలున్నాయి. 1902 ఫిబ్రవరిలో మనీలా అచ్చాఫీసు కార్మికులతో మొదలుపెట్టి ఆ దేశంలో మొట్టమొదటి కార్మిక సంఘ సమాఖ్య, ఊనియోన్ ఒబ్రేరా దెమొక్రాతికా, నిర్మించాడు. అదే ఏడాది సమ్మెలు నడిపినందుకు కొత్త దొరలైన అమెరికా వాళ్ళు అతన్ని జైల్లో పెట్టారు. సామెతలూ పాటలూ నమ్మకాలూ ఏరుకున్న మనిషి, వాటిని పుట్టించిన మనుషుల కూలిరేట్ల దాకా నడిచాడు. జానపద సాహిత్యం మీద ఎమ్మే పరీక్షలో పేజీలకు పేజీలు రాసిన నేను ఆ దారిలో ఎంత దూరం నడిచానో నాకు తెలుసు.

లియోనా ఇంట్లో ఇప్పుడు ఆమె పేరుతో ఒక భోజనశాల ఉంది, బయట ఆమె విగ్రహం ఉంది. అక్కడ కూర్చుని కాఫీ తాగాను. ఆమె పద్యం ఒక్కటీ నాకు అక్కడ కనిపించలేదు.

ఇక ఇరవయ్యో శతాబ్దంలోకి వస్తే విగాన్ కథ మళ్ళీ పొగాకు కథే. మాది ఒంగోలు వైపు పల్లె. వర్జీనియా పొగాకు బ్యారన్ల పొగలో పుట్టినవాణ్ణి. ఇలోకోస్ పల్లెల్లో అటువంటి బ్యారన్లను చూసినప్పుడు నాకు కొత్త దేశంలో ఉన్నట్లే అనిపించలేదు. 1954లో వచ్చిన ఒక చట్టంతో అక్కడ వర్జీనియా పొగాకుకు సర్కారు ఆసరా దొరికి రైతులు వరి తగ్గించి పొగాకు వైపు మళ్ళారు. ఆ చట్టాన్ని తెచ్చిన ఫ్లోరో క్రిసోలోగో విగాన్ కాంగ్రెస్ సభ్యుడు. పొగాకు డబ్బుతో పాటు రాజకీయ కుటుంబాల ప్రైవేటు సైన్యాలూ పెరిగాయి. 1970 మేలో పక్కనే ఉన్న బంతాయ్‌లో, ప్రత్యర్థికి ఓట్లేశారన్న కక్షతో ఓరా అనే రెండు పల్లెల్ని తగలబెట్టారు. అదే ఏడాది అక్టోబరు 18న, విగాన్ కథీడ్రల్‌లో ప్రార్థన జరుగుతుండగా, ఫ్లోరో క్రిసోలోగోను తుపాకీతో కాల్చి చంపారు. చంపినవాళ్ళెవరో ఎప్పటికీ తేలలేదు.

అంటే 1970లో మనుషులు నడవడానికి భయపడిన ఊరు, 1999 నాటికి ప్రపంచం చూడటానికి వచ్చే ఊరైంది. దీన్ని నేను తక్కువ చేసి చెప్పను. కూలిపోతున్న ఇళ్ళు నిలబడ్డాయి. బతుకుతెరువు దొరికింది. కాని వారసత్వం అనే మాటలో ఎవరి వంతు ఎంత అని అడగాలి. మేమెక్కిన కలేసా తోలిన అతణ్ణి బండి సొంతమా అని అడిగాను. కాదన్నాడు. రోజూ యజమానికి ఇంత అని కట్టి, గుర్రానికి మేత పెట్టగా మిగిలింది తనది. "టూరిస్టులు ఎక్కువొస్తే మంచిదే. కాని ఇళ్ళ అద్దెలూ పెరుగుతాయి" అన్నాడు. ఇలోకోస్ మనుషులు వలసలకు పేరుపడ్డవాళ్ళు. 1906లో హవాయి చెరకు తోటలకు వెళ్ళిన మొదటి పదిహేనుమంది కూలీలు ఈ ప్రాంతం నుంచే వెళ్ళారు. అతని అన్న కూడా ఇప్పుడు హవాయిలోనే ఉన్నాడట.

నేను విగాన్‌లో ఎక్కువసేపు గడిపింది మేడల్లో కాదు, ఊరి చివర బుర్నాయ్ కుమ్మరుల పాకల్లో. చైనా నుంచి వచ్చిన విద్య అది. బంకమట్టిలో సన్నని ఇసుక కలిపి గేదెల చేత తొక్కిస్తారు. పెద్ద సారె మీద జాడీ లేపి, సొరంగంలా పొడుగ్గా ఉన్న బట్టీలో కట్టెలతో కాలుస్తారు. నిప్పు తగిలి మట్టి రాయిలా గట్టిపడుతుంది. బాసి మాగేది ఈ జాడీల్లోనే. 1786 చట్టం బాసిని నిషేధించినప్పుడు కూడా కుమ్మరి జాడీలు చేస్తూనే ఉండి ఉంటాడు. అతని పని లేకుండా సారా లేదు, తిరుగుబాటు లేదు, ఆ పదునాలుగు పటాలూ లేవు. మగ్గాల పాకల్లో స్త్రీలు ఇప్పటికీ అబెల్ నేస్తున్నారు. ఆ మగ్గం చప్పుడు మన చీరాల వీధుల చప్పుడే. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు మిల్లుగుడ్డ ఇక్కడి నేతను దెబ్బకొట్టినట్లే అక్కడి నేతనూ దెబ్బకొట్టింది. అయినా రెండు చోట్లా మగ్గం చావలేదు.

2022 జులై 27న పెద్ద భూకంపం వచ్చి విగాన్ ఇళ్ళూ కథీడ్రలూ బంతాయ్ గంటస్తంభమూ దెబ్బతిన్నాయి. గోడ నెర్రెలిచ్చినప్పుడు యునెస్కో పలక గోడను నిలబెట్టలేదు. సున్నం కలిపే తాపీమేస్త్రి, పాత కలప అతుకు తెలిసిన వడ్రంగి కావలసివచ్చారు. నాకు ఇదే ముఖ్యంగా తోస్తుంది. వారసత్వమంటే గోడ కాదు. గోడ కట్టే విద్య. ఆ విద్య ఎప్పుడూ మేడ యజమానిది కాదు. ఆ మేడలను దోపిడీ గుర్తులని కొట్టిపారేస్తే మేస్త్రిని కూడా యజమాని ఖాతాలో రాసినట్లవుతుంది. నా పాత వ్యాసంలో నేను చేసిన తప్పు అదే.

తిరుగు ప్రయాణంలో మా మేనల్లుడు అడిగాడు, "ఇంత అందమైన ఊరికి తీసుకొస్తే నువ్వు ఉరికొయ్యల సంగతే రాసుకున్నావేంటి మావయ్యా?" అని. అప్పుడు ఏదో చెప్పి దాటేశాను. ఇప్పుడు జవాబు రాస్తున్నాను. ఉరికొయ్య సంగతి తెలిసిన తర్వాత కూడా ఆ వీధి నాకు అందంగానే కనిపించింది. అంతకుముందు కంటే ఎక్కువగా కనిపించింది. ఎవరు కట్టారో, ఎవరు ఎదిరించారో తెలిస్తే అందం తగ్గదు, దానికి మనుషులు దొరుకుతారు.

సెలవులు అయ్యాక బళ్ళో తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పని చెప్పాను. మన ఊళ్ళో అన్నిటికన్నా పాత కట్టడం ఏదో చూసి, దాన్ని కట్టించినవాడి పేరు కాక, కట్టినవాళ్ళ పేర్లు తాతలనూ నాయనమ్మలనూ అడిగి రాసుకురమ్మన్నాను. ముప్ఫై ఎనిమిదిమందిలో పదకొండుమంది పేర్లు తెచ్చారు. ఒక పిల్ల తెచ్చిన కాగితంలో రెండే పేర్లున్నాయి. అందులో ఒకటి వాళ్ళ ముత్తాతది.